చెంపదెబ్బకీ నూనె చుక్కకీ మధ్య: పర్లాకిమిడి నుంచి ఒక దెబ్బల కేసు

ఈ కేసులో గొడవ ఒక్కటే. చెవిపొర చిరిగిన మనిషి పెట్టుకున్న అర్జీ చాలాకాలం ఎఫ్‌ఐఆరే కాలేదు. ముంజేతి మీద నూనె చుక్కలు పడి పొక్కులు లేచిన మనిషి ఇచ్చిన ఫిర్యాదు మాత్రం అదే రాత్రి నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకని) కేసయింది. స్టేషన్‌లో ఎవరో పక్షపాతం చూపించారని నేను అనడం లేదు. చట్టంలో ఉన్నది ఉన్నట్టు పాటిస్తే ఇలాగే అవుతుంది. ఈ కేసు రాయడానికి కారణం అదే.

నేను గజపతి జిల్లా పర్లాకిమిడిలో ప్రాక్టీసు చేస్తున్నాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు ఈ ఊరు అటు వెళ్లింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది, ఇప్పటికీ బజారంతా తెలుగే. మా క్లయింట్లలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, స్టేషన్‌లో కాగితం ఒడియాలో రాస్తారు, డాక్టరు రిపోర్టు ఇంగ్లీషులో వస్తుంది. సొంత కేసులో ఏం రాసి ఉందో చదవలేని వాళ్లే ఎక్కువ. క్లయింటు ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేర్లు, ఊరు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఏం జరిగింది

ఆవిడకి నలభై ఆరేళ్లు. కాశీనగర్ వెళ్లే దారిలో ఒక ఊరి సెంటర్లో టిఫిన్ బండి పెట్టుకుంది. పొద్దున ఇడ్లీ, దోసె, సాయంత్రం పునుగులు, మిరపకాయ బజ్జీలు. భర్త సూరత్‌లో మగ్గాల మీద పని చేస్తాడు. బండి పక్కనే ఒక కిరాణా కొట్టు. గిన్నెలు కడిగిన నీళ్లు కొట్టు ముందుకి పారుతున్నాయని చాన్నాళ్లుగా మాటలు నడుస్తున్నాయి. 2024 డిసెంబరులో ఒక సాయంత్రం కొట్టాయన వచ్చి గట్టిగా అరిచాడు, ఆవిడా అరిచింది. ఆయన అరచెయ్యి చాచి ఎడమ చెంప మీద ఒక్కటి కొట్టాడు. ఆ దెబ్బకి ఆవిడ పొయ్యి మీదికి తూలింది, బాండీ ఒరిగింది, నూనె చింది ఆయన ముంజేతి మీద పడింది. ఆవిడ చెప్పేది ఇదీ. కావాలనే గరిటెతో నూనె విసిరిందని ఆయన అంటాడు.

ఆయన ఆ రాత్రే స్టేషన్‌కి, అక్కణ్నుంచి పోలీసులు ఇచ్చిన రిక్విజిషన్‌తో (వైద్య పరీక్ష చెయ్యమని అడిగే కాగితం) ఆసుపత్రికి వెళ్లాడు. వేడి పదార్థం వల్ల పైపైన కాలిన గాయాలు, సింపుల్ (మామూలు గాయం) అని రిపోర్టు వచ్చింది. ఆవిడ మాత్రం అక్క కొడుకు బండెక్కి సరిహద్దు దాటి అక్క దగ్గరికి పోయింది. ఇంట్లో ఒంటరి ఆడమనిషి, పక్కింట్లో కొట్టినవాడు, వెళ్లక ఏం చేస్తుంది? మర్నాడు చెవిలోంచి రక్తం చారలా కారితే శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ మెడికో లీగల్ కేసుగా రాసుకుని ఈఎన్‌టీ డాక్టరుకి పంపారు. ఎడమ చెవిపొరకి చిల్లు పడిందని, చెవిలోకి నీళ్లు పోకూడదని, కొన్ని వారాల తర్వాత మళ్లీ చూపించమని ఆ డాక్టరు రాసిచ్చాడు.

నా దగ్గరికి వచ్చినప్పుడు ఆవిడ కుడి చెవి నా వైపు తిప్పి కూర్చుంది. "పిలీడరు గోరూ, సెవిలో ఈల మోగుతున్నాది బాబూ. తల తిప్పితే భూమి తిరిగిపోతాది. ఆయిల్ కాడ ఎలా నిలబడీది?" అంది. చేతిలో ఆంధ్రా ఆసుపత్రి ఓపీ చీటీ, దాంతోపాటు ఒడిశా పోలీసులు ఆవిడకే ఇచ్చిన నోటీసు.

రెండు అర్జీలు, రెండు సెక్షన్లు

దెబ్బల నేరానికి ఇంగ్లండు చట్టం వాడే బ్యాటరీ అనే మాట మన శిక్షాస్మృతిలో లేదు. ఇంగ్లండులో ఒప్పుకోలు లేకుండా మనిషి ఒంటి మీద చెయ్యి వేస్తే చాలు, గాయం అక్కర్లేదు, అది బ్యాటరీ అవుతుంది. మన చట్టం దాన్నే ముక్కలు చేసింది. ఒంటి మీద బలప్రయోగం చేస్తే బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత, కొత్త శిక్షాస్మృతి) సెక్షన్ 129, చెయ్యి ఎత్తి భయపెడితే 130, నొప్పి కలిగిస్తే 114 కింద గాయం, ఎముక విరగడం లాంటివైతే 116 కింద తీవ్ర గాయం. 2024 జులై 1కి ముందు ఇవే పాత శిక్షాస్మృతి ఐపీసీలో 350, 351, 319, 320 సెక్షన్లు. పెద్ద ప్లీడర్లు ఇప్పటికీ పాత శిక్షల సెక్షన్లు 323, 324, 325 అనే మాట్లాడతారు, కాగితం మీద కొత్త నంబర్లు వేస్తారు.

చెంపదెబ్బ 115(2) కిందికి వచ్చింది. ఏడాది దాకా జైలు లేదా ₹10,000 దాకా జరిమానా, లేదా రెండూ. నాన్‌కాగ్నిజబుల్, బెయిలబుల్. అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చెయ్యకూడదు. బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, కేసులు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం) సెక్షన్ 174 ప్రకారం స్టేషన్ పుస్తకంలో సారాంశం రాసుకుని, ఫిర్యాదు ఇచ్చినవాళ్లని మేజిస్ట్రేటు దగ్గరికి పొమ్మని చెప్పాలి. ఆవిడకి చెప్పింది కూడా అదే.

ఆయన చేతి మీద పొక్కులు 118(1) కిందికి వెళ్లాయి. ఆ సెక్షన్ కత్తి, తుపాకి లాంటి వాటితో పాటు నిప్పునీ, వేడి పదార్థాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. మూడేళ్ల దాకా జైలు లేదా ₹20,000 దాకా జరిమానా. కాగ్నిజబుల్, అంటే పోలీసులే నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టి దర్యాప్తు చెయ్యొచ్చు, పైగా నాన్‌బెయిలబుల్. పొక్కు ఎంత పెద్దది, ఎన్ని రోజుల్లో మానుతుంది, మచ్చ పడుతుందా, ఇవేవీ ఆ సెక్షన్ అడగదు. వేడిగా ఉందా లేదా, అంతే అడుగుతుంది. యాసిడ్ దాడులకి ఎలాగూ 124 అని వేరే సెక్షన్ ఉంది. బజ్జీల నూనెని 118లోనే పెట్టి ఇంత బరువెయ్యాల్సిన అవసరం నాకు కనపడదు.

వంటింట్లో, టిఫిన్ బండి దగ్గర, టీ కొట్టులో గొడవ జరిగితే అక్కడ పనిచేసే మనిషి చేతికి అందేది వేడి వస్తువే. ఆ పని ఎక్కువగా చేసేది ఆడవాళ్లు. మగవాడు ఉత్త చేత్తో ఎంత గట్టిగా కొట్టినా, ఎముకో పన్నో విరిగినా, అది బెయిలబుల్. ఎదురుతిరిగిన ఆడమనిషి చేతిలో గరిటె ఉంటే ఆవిడే ముందస్తు బెయిలు కోసం సెషన్స్ కోర్టుకి పరిగెత్తాలి. మేం చేసింది అదే. బెయిలు వచ్చింది. ఆత్మరక్షణ హక్కు సెక్షన్ 34 నుంచి ఉంది కదా అని కొందరు అడుగుతారు. ఉంది, కానీ అది విచారణలో చెప్పుకునే మాట. నోటీసు ఇంటికొచ్చిన రోజు పిల్లల మొహం చూసేటప్పుడు ఆ సెక్షన్ పనికిరాదు.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. ఎముక విరగ్గొడితే 117(2), ఏడేళ్ల దాకా శిక్ష, అయినా అది బెయిలబుల్. కోర్టు అనుమతితో రాజీ కూడా చేసుకోవచ్చు. 118(1)కి శిక్ష మూడేళ్లే, అది నాన్‌బెయిలబుల్, రాజీకి వీలైన నేరాల జాబితాలోనూ లేదు. పెద్ద గాయానికి సులువైన దారి, చిన్న గాయానికి కష్టమైన దారి. 2023లో మూడు చట్టాలూ తిరగరాసినప్పుడు దీన్ని సరిచేసే అవకాశం చేతిలోనే ఉంది. జరిమానాలు పెంచారు, నంబర్లు మార్చారు, ఈ మెట్ల వరస మాత్రం సర్దలేదు.

"చీర లాగాడని రాయించండి"

115(2) ఒక్కటే అయితే పోలీసులు కదలరని ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. అందుకే ఒడిశాలో ఏ దెబ్బల ఎఫ్‌ఐఆర్ తీసినా ఒకే దండకం కనిపిస్తుంది. పాత లెక్కలో 341, 294, 323, 506. ఇప్పుడు 126(2), 296, 115(2), 351(2). దారి అడ్డగించాడు, బూతులు తిట్టాడు, కొట్టాడు, చంపుతానన్నాడు. అడ్డగించడం, బూతులు కాగ్నిజబుల్. వాటిలో ఒక్కటి ఉన్నా, బీఎన్‌ఎస్‌ఎస్ 174(4) ప్రకారం మొత్తం కేసుని కాగ్నిజబుల్‌గానే చూడాలి. కొట్టిన సంగతి దర్యాప్తు కావాలంటే తిట్టిన సంగతి తోడు కావాలి. నిజానికి ఉత్త తిట్లు ఆ అశ్లీలత సెక్షన్ కిందికి రావని సుప్రీంకోర్టు 2022లో మదనగోపాల్ కేసులో స్పష్టంగా చెప్పింది. విచారణలో ఆ సెక్షన్ పడిపోతుందని రాసేవాళ్లకీ తెలుసు, రాయించుకునేవాళ్లకీ తెలుసు.

మా క్లయింటుకి ఇంకా పెద్ద సలహా వచ్చింది. కోర్టు దగ్గర దరఖాస్తులు రాసే ముహురి ఒకాయన, పాతికేళ్ల అనుభవం, మంచి మనసుతోనే చెప్పాడు: "చీర పట్టుకు లాగాడని ఒక్క ముక్క రాయించమ్మా. సెక్షన్ 74 (స్త్రీ మర్యాదకి భంగం కలిగించడం) పడుతుంది, వాడికి బెయిలు దొరకదు, అప్పుడు వాడే కాళ్లబేరానికి వస్తాడు." ఆవిడ వెంటనే అంది: "అలాగ సెయ్యలేదు బాబూ. జరగందాన్ని ఎలా సెప్పీది? రేపు నా మొగుడికేటి సెప్పుకోను?"

ఆ ముహురిని తప్పుపట్టాలని నాకు అనిపించదు. నిజం చెపితే కేసు లేదు, అబద్ధం కలిపితే కేసు ఉంది అనే పరిస్థితిని తయారుచేసింది చట్టమే. ఆ అబద్ధం తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడుతుంది, దాంతోపాటు నిజమైన చెంపదెబ్బ కూడా కొట్టుకుపోతుంది. నిజంగా చీర లాగిన కేసుల్లో బాధితురాలి మాటని కూడా జడ్జీలు అనుమానంగా చూడడం మొదలుపెడతారు. సెక్షన్ 115(2) మీద నాకున్న ఫిర్యాదుల్లో ఇది మొదటిది, శిక్ష తక్కువ అన్నది కాదు.

సరిహద్దు

కొత్త చట్టంలో జీరో ఎఫ్‌ఐఆర్ గురించి చాలా గొప్పగా చెప్పారు. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు అని. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173 చదవండి: నేరం ఏ ప్రాంతంలో జరిగినా అన్న మాట కాగ్నిజబుల్ నేరానికే ఉంది. 174లో ఆ స్టేషన్ పరిధిలో జరిగిన నాన్‌కాగ్నిజబుల్ నేరం అని ఉంది. అంటే చెవిపొర చిరిగిన మనిషి ఆంధ్రా ఆసుపత్రిలో పడుకుని అక్కడి పోలీసుకి చెప్పినా, "మా లిమిట్స్ కాదమ్మా" అన్నదే సరైన జవాబు. నడవగలిగాక తిరిగొచ్చి ఒడిశా స్టేషన్‌లో చెప్పుకోవాలి. అప్పటికి ఎదుటివాడి కథ కాగితం మీద ఉంది.

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు మనుషులకి పెళ్లి సంబంధాలూ ఆసుపత్రులూ సంతలూ అన్నీ రెండు వైపులా ఉన్నాయి. దెబ్బ తిన్న మనిషి పరుగెత్తేది సెక్షన్ చూసుకుని కాదు, తోబుట్టువు ఇల్లు ఎటుంటే అటు. ఆంధ్రాలో ఇచ్చే ఊండ్ సర్టిఫికెట్, ఇక్కడి ఇంజ్యూరీ రిపోర్టు వేరు వేరు ఫారాలు. ఇక్కడ పోలీసు రిక్విజిషన్ మీద పరీక్ష జరగాలి అంటారు. రిక్విజిషన్ లేకుండా పక్క రాష్ట్రంలో చేసిన పరీక్షని మొదట పక్కన పెట్టేశారు.

పన్నుకి ఏడేళ్లు, చెవిపొరకి ఏడాది

తీవ్ర గాయం అంటే ఏమిటో సెక్షన్ 116 ఎనిమిది రకాలుగా చెపుతుంది. కన్ను పోవడం, చెవి శాశ్వతంగా వినపడకుండా పోవడం, అవయవం లేదా కీలు పోవడం లేదా పనికిరాకుండా పోవడం, మొహం శాశ్వతంగా వికారం కావడం, ఎముక లేదా పన్ను విరగడం, కదిలిపోవడం, ఇలా. ఈ జాబితా 1837 నాటి మెకాలే ముసాయిదా కాలపు ఆలోచన. 1860లో చట్టమైంది, 1862 నుంచి అమలైంది. అప్పటికి ఎక్స్‌రే పుట్టలేదు, వినికిడి కొలిచే ఆడియోమెట్రీ లేదు. చేత్తో తడిమి, కంటితో చూసి తేల్చగలిగినదే జాబితాలోకి ఎక్కింది.

మా క్లయింటు చెంప మీద పడిన దెబ్బ రెండంగుళాలు ముందుకి పడి ఒక పన్ను ఊడితే అది తీవ్ర గాయం, ఏడేళ్ల సెక్షన్. చెవి మీద పడింది కాబట్టి ఏడాది సెక్షన్. ఊడిన పన్నుతో ఆవిడ మర్నాడు పొద్దున్నే ఇడ్లీ రుబ్బు కలిపేది. చిరిగిన చెవిపొరతో తల తిరిగి వారాల తరబడి నిలబడలేకపోయింది. చెవి విషయంలో చట్టం అడిగేది శాశ్వతంగా పోయిందా అని. దెబ్బ వల్ల పడిన చిల్లు చాలామందికి కొన్ని వారాల నుంచి మూడు నెలల్లోపు దానంతట అదే మూసుకుంటుంది. కాబట్టి డాక్టరు సింపుల్ అని రాస్తాడు. వైద్యపరంగా ఆయన రాసింది తప్పు కాదు. పోలీసులు ఆ ఒక్క మాట చూసి ఫైలు మూస్తారు.

ఈ తరహా విమర్శ మన దగ్గరే కాదు. ఇంగ్లండులో దెబ్బల చట్టం 1861 నాటిది. అక్కడ గాయం అంటే చర్మం పొరలన్నీ తెగాలి. 1983లో ఒక కేసులో ఎయిర్‌గన్ గుండు తగిలి కంటి లోపల రక్తనాళాలు చిట్లితే, చర్మం తెగలేదు కాబట్టి అది గాయం కాదన్నారు. మామూలు గాయానికీ పెద్ద గాయానికీ గరిష్ఠ శిక్ష ఒకటే, ఐదేళ్లు. వాళ్ల లా కమిషన్ 2015లో కూడా మార్చమని రిపోర్టు ఇచ్చింది, ఆ చట్టం ఇంకా అలాగే ఉంది. కానీ అక్కడి కోర్టులు 1997 నాటికే, పదే పదే ఫోన్ చేసి మాట్లాడకుండా వేధించడం వల్ల వచ్చిన మానసిక జబ్బుని కూడా దేహానికి జరిగిన హానిగా ఒప్పుకున్నాయి. మన 114లో నొప్పి, జబ్బు, బలహీనత అని ఉంది, అన్నీ దేహానికి సంబంధించినవిగానే చదువుతున్నాం. మా క్లయింటు ఇప్పటికీ కొట్టు వైపు ఎవరైనా గట్టిగా మాట్లాడితే గరిటె వదిలేసి వెనక్కి జరుగుతుంది. ఏ రిపోర్టులోనూ ఆ మాట రాయడానికి గడి లేదు.

ఫైనాన్స్ కార్డు

మాకున్న దారి 116లో ఎనిమిదోది. గాయం వల్ల పదిహేను రోజుల పాటు తీవ్రమైన నొప్పితో ఉన్నా, లేదా రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అది తీవ్ర గాయమే. ఐపీసీలో ఇది ఇరవై రోజులు, బీఎన్‌ఎస్‌లో పదిహేను చేశారు. కొత్త చట్టంలో నాకు మనస్ఫూర్తిగా నచ్చిన మార్పుల్లో ఇదొకటి. కష్టమంతా రుజువు దగ్గరే. ఆసుపత్రిలో పదిహేను రోజులు ఉన్నంత మాత్రాన సరిపోదని కోర్టులు ఎప్పటినుంచో అంటున్నాయి. మరి ఇంటిపట్టున పడుకున్న టిఫిన్ బండి మనిషి ఏం చూపించాలి? హాజరు పట్టీ లేదు, లీవ్ లెటర్ లేదు, జీతం చీటీ లేదు.

ఆవిడ సంచిలో డైలీ ఫైనాన్స్ కార్డు ఉంది. అట్ట ముక్క, ఒక వైపు వినాయకుడి బొమ్మ, రెండో వైపు గళ్లు. రోజుకి వంద రూపాయల చొప్పున అప్పు కడితే వసూలు కుర్రాడు గడిలో సంతకం గిలుకుతాడు. డిసెంబరు మధ్యదాకా ఒక్క గడి వదలకుండా నిండి ఉంది. ఆ తర్వాత వరసగా ఖాళీ. సంక్రాంతి దాటాక మళ్లీ సంతకాలు మొదలయ్యాయి. ఆ ఖాళీ గళ్లే మా కేసు.

అయితే మధ్యలో రెండు గళ్లు నిండి ఉన్నాయి. ఎదుటి ప్లీడరు తర్వాత పట్టుకున్నది సరిగ్గా వాటినే: ఆ రెండు రోజులూ బండి నడిచింది కాబట్టి పదిహేను రోజులు ఎక్కడ? అసలు సంగతి, కుర్రాడు ఇంటికొచ్చి నానా మాటలంటే అక్క తన ఫోన్‌పే నుంచి కట్టింది. ఆ లావాదేవీల కాపీ, దానికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకి ఇవ్వాల్సిన సర్టిఫికెట్, పాలవాడి ఖాతా పుస్తకం, గ్యాస్ సిలిండరు బుకింగు వివరాలు అన్నీ కలిపి పెట్టాం. సిలిండరు మామూలుగా ఎన్నాళ్లకి అయిపోయేదో, ఆ నెలలో ఎంత ఆలస్యమైందో పక్కపక్కన పెడితే వేరే వాదన అక్కర్లేదు. శ్రీకాకుళంలో తీయించిన ఆడియోగ్రామ్, తల తిరగడం తగ్గలేదని ఈఎన్‌టీ డాక్టరు రెండోసారి రాసిన చీటీ కూడా జతచేశాం.

వీటితో ముందు బీఎన్‌ఎస్‌ఎస్ 173(4) కింద ఎస్పీకి అర్జీ, ఆ తర్వాత అఫిడవిట్‌తో 175(3) కింద మేజిస్ట్రేటుకి. 223 కింద నేరుగా కోర్టులోనే ప్రైవేటు కంప్లయింటు వేసే దారీ ఉంది. ఇప్పుడు అందులో కోర్టు కాగ్నిజెన్స్ తీసుకోకముందే (కేసుని చేపట్టకముందే) నిందితుడికి మాట్లాడే అవకాశం ఇవ్వాలి, సాక్షుల ఖర్చంతా మనమే పెట్టుకోవాలి, ఆ దారి వద్దనుకున్నాం. 115(2) కేసుని కోర్టు చేపట్టడానికి గడువు ఏడాదే అన్న టెన్షన్ కూడా ఒకటి ఉంది. మేజిస్ట్రేటు పోలీసుల జవాబు తెప్పించుకున్నారు, సింపుల్ అని రిపోర్టు ఉంది కదా అన్నది వాళ్ల మాట. గాయం స్వభావం వేరు, దానివల్ల పని ఆగిన రోజులు వేరు, రెండోది డాక్టరు ఒక్కరే తేల్చేది కాదు అన్నది మా మాట. 117(2) కింద ఎఫ్‌ఐఆర్ కట్టి దర్యాప్తు చెయ్యమని ఉత్తర్వు వచ్చింది. ఛార్జిషీటు కూడా అదే సెక్షన్ కింద పడింది.

ఈ గెలుపు చూసి నేను పెద్దగా సంతోషపడలేకపోతున్నాను. ఆవిడకి అప్పు ఉంది కాబట్టి కార్డు ఉంది. కార్డు లేనివాళ్ల సంగతి? ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ల కేసులు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. తల పగిలినా, చెవి చిరిగినా మర్నాడు పొద్దున పొయ్యి వెలిగించక తప్పదు, పిల్లలకి క్యారేజీ కట్టక తప్పదు. నొప్పితో చేసిందా, ఏడుస్తూ చేసిందా అన్నది ఎక్కడా రాసి ఉండదు. రోజువారీ పనులు చేసుకుంది కాబట్టి అది సింపుల్. మంచాన పడే వీలున్న మనిషి గాయం తీవ్రమైనది, ఆ వీలు లేని మనిషి గాయం మామూలుది అన్నట్టు తయారైంది. ఒక్కో దెబ్బనీ విడిగా కొలవడం వల్ల ఏళ్ల తరబడి పడిన దెబ్బలు కూడా మొత్తంగా ఎక్కడా కనిపించవు. భార్య అయితే భర్త క్రూరత్వానికి బీఎన్‌ఎస్ సెక్షన్ 85 ఉంది. కొడుకు చేతిలో దెబ్బలు తినే తల్లికి 2005 గృహహింస చట్టంలో రక్షణ ఉత్తర్వులు దొరుకుతాయి గానీ, శిక్షాస్మృతి వైపు నుంచి మళ్లీ ఈ 115(2)యే.

కాగ్నిజబుల్ చేసేస్తే సరిపోతుందా

మా బార్ అసోసియేషన్‌లో చాలామంది చెప్పే పరిష్కారం ఒకటే: 115(2)ని కాగ్నిజబుల్ చేసెయ్యండి అని. నేను ఒప్పుకోను. ఈ కేసులో కాగ్నిజబుల్ సెక్షన్ ఎవరి మీద పనిచేసిందో చూశాం కదా. ముందు స్టేషన్‌కి చేరగలిగినవాడు, ఒడియా రాయగలిగినవాడు, నలుగురిని వెంటేసుకుని వెళ్లగలిగినవాడు ముందు ఎఫ్‌ఐఆర్ కట్టిస్తాడు. ప్రతి గట్టు తగాదాలో, కుళాయి తగాదాలో పోలీసుకి అరెస్టు అధికారం ఇస్తే ఎదురు కేసుల వ్యాపారం ఇంకా పెరుగుతుంది.

కావాల్సింది మధ్యస్తంగా ఉండేది. దెబ్బ తిన్నానని ఎవరు వచ్చినా, ఏ రాష్ట్రం స్టేషన్ అయినా, అదే రోజు వైద్య పరీక్షకి పంపడం, చెప్పింది వాళ్ల భాషలో రాసుకుని కాపీ ఇవ్వడం పోలీసుల విధి కావాలి. అరెస్టు అధికారం లేకుండా విచారణ జరిపే అధికారం ఉండాలి. 174లో నాన్‌కాగ్నిజబుల్ డైరీ రిపోర్టుల్ని పదిహేను రోజులకోసారి మేజిస్ట్రేటుకి పంపాలని కొత్తగా పెట్టారు. మంచిదే, కానీ వాటిని చూసి మేజిస్ట్రేటు ఏం చెయ్యాలో రాయలేదు. అందులో గాయం రిపోర్టు ఉన్న ప్రతి కేసులో బాధితులని పిలిచి అడిగే నియమం ఒక్కటి చేర్చినా మా జిల్లాలో చాలా మారుతుంది.

తీవ్ర గాయం కొలత కూడా మారాలి. ఏ ఎముక విరిగింది అన్నది ఉండనివ్వండి, దాంతోపాటు ఏ పని ఆగింది, ఆ పని ఆపలేక ఎంత బాధతో చేశారు అన్నదీ లెక్కలోకి రావాలి. ఇంజ్యూరీ రిపోర్టు ఫారంలో సింపుల్, గ్రీవియస్ (తీవ్ర గాయం) అని రెండే గళ్లు కాకుండా, కొన్నాళ్ల తర్వాత మళ్లీ పరీక్షించి రాసే గడి ఉండాలి. చెవిపొర లాంటి గాయం మొదటి రోజు చూస్తే ఏమీ తెలియదు. డాక్టర్లు ఇప్పుడు మొదటి రోజే ఒక మాట రాయాల్సి వస్తోంది.

ఇక శిక్ష. ఆయన జైలుకి వెళ్లాలని మా క్లయింటు ఎప్పుడూ కోరలేదు. ఆవిడ అడిగేది ఆగిన రోజుల రాబడి, చెవి ఖర్చు, గిన్నెల నీళ్లు పోయే కాలవ విషయం తేలడం. జరిమానా పదివేలైనా అది సర్కారు ఖజానాకి పోతుంది. బీఎన్‌ఎస్‌ఎస్ 395 కింద పరిహారం ఇప్పించవచ్చు, కానీ అది శిక్ష పడ్డాక. నేరస్థుల ప్రొబేషన్ చట్టం, 1958 సెక్షన్ 5 కింద వదిలేస్తూ పరిహారం కట్టించవచ్చు, కింది కోర్టుల్లో దాన్ని అడిగేవాళ్లే తక్కువ. బీఎన్‌ఎస్ మొదటిసారి సమాజ సేవ అనే శిక్షని తెచ్చింది. చిన్న దొంగతనానికీ, తాగి బజార్లో అల్లరి చేసినదానికీ, పరువునష్టానికీ పెట్టారు. దెబ్బలకి పెట్టలేదు. పక్కింటివాళ్లని కొట్టిన మనిషి చేత అదే ఊళ్లో కాలవ తీయించడం కన్నా తగిన శిక్ష నాకు తోచదు.

ఇప్పుడు కేసు ఎక్కడుంది

పెద్దమనుషులు రాజీకి పిలిచారు. ఆవిడ పెట్టిన 117(2) కేసు కోర్టు అనుమతితో రాజీ అవుతుంది, ఆయన పెట్టిన 118(1) కేసు కింది కోర్టులో రాజీ కాదు. దాన్ని కొట్టేయించాలంటే ఇద్దరూ కలిసి బీఎన్‌ఎస్‌ఎస్ 528 కింద కటక్ హైకోర్టుకి వెళ్లాలి. ఆవిడ ముందు సంతకం పెట్టేసి, ఆ తర్వాత ఆయన కటక్ రానంటే? ముందు హైకోర్టు పని, తర్వాతే ఇక్కడ రాజీ అని నేను పట్టుబట్టాను. ఎదుటివైపు వాళ్లు ఇంకా ఏమీ తేల్చలేదు. ఇలాంటి కేసుల్లో నా జూనియర్లకి ముందుగా చెప్పేది కూడా ఇదే, ఏ కేసుకి రాజీ ఉందో, దేనికి లేదో చూడకుండా పెద్దమనుషుల తగువులో కూర్చోవద్దని.

కేసూ ఎదురు కేసూ ఒకే జడ్జి దగ్గర ఒకదాని వెంట ఒకటి విచారించాలని సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి ప్రకారం రెండూ ఒకే కోర్టుకి తెచ్చుకున్నాం. చెవికి చిల్లు ఇంకా పూర్తిగా మూసుకోలేదు, ఆపరేషన్ గురించి డాక్టరు చెప్పాడు. ఆవిడ బండి మళ్లీ పెట్టింది, సాయంత్రం నూనె వంటలు మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు. తర్వాతి వాయిదాకి శ్రీకాకుళం ఈఎన్‌టీ డాక్టరు వీడియోలో సాక్ష్యం చెప్పేలా అనుమతి తీసుకున్నాం. సింపులా గ్రీవియస్సా అని ప్రాసిక్యూటరు ఆయన్ని అడగరు, ఇద్దరం కూర్చుని అలాగే అనుకున్నాం. ఈ స్థితిలో ఉన్న మనిషి మరిగే నూనె ముందు నిలబడి పని చెయ్యడం ఎన్ని రోజుల పాటు ప్రమాదం అని అడుగుతారు.